ముద్ర పడని పట్టా

ఆమె బతికినన్నాళ్ళూ ఎవర్నీ ఏదీ అడగలేదట. ఉన్నదాంతో తృప్తిగా ఉందట. ఒమన్‌లోని సలాలాలో మన తెలుగువాళ్ళు పెట్టిన సంతాప సభలో ఒకాయన మైకు పట్టుకుని ఈ మాట ఒకటికి మూడుసార్లు అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తలలూపారు. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

సభల్లోంచి లేచి వచ్చే రకాన్ని కాను. నాలుగు మెతుకులు తిన్నా, ఎండలో నడుస్తుంటే కాస్త గాలి తగిలినా శుక్ర్ అనుకునే మనిషిని. శుక్ర్ అంటే మా ఇళ్ళలో దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత. నేను బడికి పోలేదు. కడపలో మా అమ్మ ఇంట్లోనే ఖురాను నేర్పింది, పాత దినపత్రికలు ముందేసుకుని తెలుగు నేర్పింది, వాటితోపాటు ఈ మాటా నేర్పింది. ఈ నాలుగు పేజీలు మాత్రం ఆ మాటను పక్కన పెట్టి రాస్తున్నాను. ఆమె అడిగింది. యాభై దాటిన వయసులో, ఇంకా చదువుకుంటాను, నా డిగ్రీని డిగ్రీగా చూడండి అని కనపడిన ప్రతి ఆఫీసునీ అడిగింది. ఇవ్వనివాళ్ళం ఇప్పుడు ఆమె అడగనే లేదని చెప్పుకుంటున్నాం.

పేరు రాయను. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను అమ్మాయ్ అనేది. గుంటూరు వైపు మనిషి. భర్త పోయాక ఒమన్ వచ్చి, మా సందు చివర ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులో పనికి కుదిరింది. ఎప్పుడు చూసినా పెదాల మధ్య రెండో మూడో గుండుసూదులుండేవి. వాటిని తీయకుండానే మాట్లాడేది కాబట్టి, ఏ మాటన్నా పళ్ళు బిగించి అన్నట్టే వినపడేది. ఈమెకు ఎప్పుడూ కోపమే అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. వాళ్ళు అనుకున్నది మరీ తప్పేమీ కాదు.

ఆమె యూదు మతస్థురాలు. తెలుగువాళ్ళలో యూదులా అని మీరు ఇక్కడ ఆగుతారని తెలుసు. అందరూ ఆగారు. ఉన్నారు, గుప్పెడు కుటుంబాలు, శనివారం పొయ్యి ముట్టించని కుటుంబాలు. సలాలాలో ఆమె తలకు కట్టుకున్న గుడ్డ చూసి కొందరు ముసల్మాను అనుకున్నారు. శనివారం పని మానడం చూసి కొందరు ఏదో కొత్త చర్చి అనుకున్నారు. ఎవర్నీ సరిదిద్దేది కాదు. షాపు యజమానితో మాత్రం మొదటి రోజే తేల్చుకుంది. శుక్రవారం అందరూ సెలవులో ఉన్నప్పుడు మధ్యాహ్నం దాకా ఒక్కతే కూర్చుని కుడుతుంది, శనివారం సూది ముట్టదు. రంజాను పండగ ముందు శనివారం ఆయన గుమ్మంలో నిలబడి ఎంత బతిమాలినా ముట్టలేదు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఉన్నినీ నారబట్టనీ ఒకే ఉడుపులో కలిపి కుట్టదు. ఒకసారి నా కళ్ళ ముందే ఒక పెద్దింటి ఒమానీ ఆవిడ లేతరంగు గౌను తెచ్చి, దాని అంచుకు ఉన్ని శాలువా ముక్క వేయమంది. అక్క గౌను అంచునుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి వాసన చూసింది. నార కాలితే కాగితం వాసన, ఉన్ని కాలితే వెంట్రుకల వాసన అని అప్పుడే నాకు తెలిసింది. గౌను మడిచి ఆవిడ చేతిలో పెట్టేసింది. నీ మతం వాళ్ళు వేసుకోకూడదేమో గాని ఆవిడకేం, అని నేను అడిగితే, "వాళ్ళేసుకుంటే తప్పు లేదని పుస్తకంలోనే ఉంది. నా చెయ్యి ఒప్పుకోదమ్మాయ్, నేనేం చేసేది" అంది. బేరం పోయినందుకు యజమాని వారం రోజులు మాట్లాడలేదు. ఆమెకు ప్రశాంతంగా ఉందట.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇక్కడ షాపులు మూసి మళ్ళీ నాలుగింటికి తీస్తారు. ఆ మూడు గంటలూ మా ఇంటికి వచ్చేది. నా గిన్నెల్లో వండిన మాంసం తినదు. తన కోసం నేను వేరుగా ఉంచిన స్టీలు గిన్నెలో పప్పు, అన్నం తిని, సంచీలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీసేది. వాళ్ళ చదువు ఒంటరిగా చదివేది కాదట. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు చదివితే ఇంకొకరు కాదనాలట. సలాలాలో ఆమెకు ఎదురు కూర్చోవడానికి నేను తప్ప ఎవరున్నారు? ఆమె ఒక్కో పంక్తి చదివి తెలుగులో చెప్పేది. నేను వింటూ, మంచి మాట అక్కా అనేదాన్ని. ఎవరేం చెప్పినా మంచిదే అనిపించే పెంపకం నాది.

"ఒప్పుకోమాక అమ్మాయ్. నువ్వు తలూపితే నా చదువు ఆగిపోద్ది" అనేది.

ఒకసారి పాఠం దారిలో దొరికిన వస్తువు గురించి. పోగొట్టుకున్నవాడు ఇక ఆశ వదులుకున్నాడని తెలిస్తే దొరికినవాడు ఉంచుకోవచ్చని అందులో ఉంది. నాకు ఎక్కడో మండింది. వాడు ఆశ వదులుకున్నాడని మనకెట్లా తెలుస్తుంది, వాడి గుండెలోకి పోయి చూసొస్తామా అన్నాను. ఆమె పెదాల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున పెట్టింది. నోరంతా తెరిచి నవ్వింది. ఇదిగో, ఇప్పుడు చదువుతున్నాం అంది. సూదులు తీసి మాట్లాడితే ఆమె గొంతు అంత మెత్తగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆమె డిగ్రీ ఈ చదువులోదే. ఊళ్ళో ఉన్నప్పుడు రోజూ కంప్యూటరు ముందు కూర్చుని, విదేశంలో ఉన్న ఒక చిన్న ఆడపిల్లల విద్యాలయం దగ్గర మూడేళ్ళు యూదు మతశాస్త్రం చదివింది. చివర్లో అక్కడికే పోయి పరీక్షలు రాసి పట్టా తెచ్చుకుంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని చేతులు కడుక్కుని ముట్టుకున్నారట. ఊరు దాటాక ఎవరూ దాన్ని చదువు కిందే జమ కట్టలేదు. ఆమెకు ఎమ్మే చేయాలనుండేది. అన్ని మతాల గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివే ఎమ్మే. ఎందుకక్కా, ఉద్యోగానికా అంటే, ఉద్యోగం ఉంది కదా, మిషను తొక్కుతున్నా కదా, చదవడానికి చదువుతారు అనేది.

దరఖాస్తులు కొట్టించేది టైపింగ్ సెంటర్లో. సభలో మైకు పట్టుకున్నది ఆ సెంటరాయనే. నిజామాబాదు వైపు మనిషి, చెడ్డవాడేమీ కాదు, నోటికి వచ్చింది అనేస్తాడు. నా ముందే ఆమెతో అన్నాడు. "మతం సదివితే పుణ్యమొస్తది గాని పీజీ సీటొస్తదా అక్కా? అందులో ఆ మతం. గల్ఫుల కూసోని దాని పేరు ఫారం మీద రాసుకుంటరా ఎవరన్న?"

"ఆ పుణ్యమంతా నీకు రాసిస్తా. నువ్వు ఫారం కొట్టు" అంది సూదుల మధ్యనుంచి.

ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు జవాబిచ్చారు. మీది విద్యా, లేక మతశిక్షణా, తెలియజేయగలరు అని. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె మా వంటింట్లో అటూ ఇటూ తిరగడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "రెండు భాషలు చదివా. వెయ్యేళ్ళ కింద జరిగిన వాదనలు చదివా. పక్కోడి చేలో నా ఎద్దు పడి మేస్తే ఎవురు ఎంత కట్టాలో మూడు నెలలు చదివా. ఇది మతశిక్షణైతే మరి కోర్టులో ప్లీడర్లు చేసేదేంది?" ఈ మాటల్నే మర్యాదగా రాసి పంపింది. వాళ్ళు ఇంకేదో అడిగారు. చదివిన ప్రతి పాఠానికీ ఎన్ని గంటలు పట్టిందో పట్టిక వేసి పంపింది. ఏడాదికి పైగా సాగింది. అన్నాళ్ళూ నేను ఆమెతో ఒకటే అనేదాన్ని. అక్కా, ఆరోగ్యం ఉంది, చేతిలో పని ఉంది, ఉన్నదానికి శుక్ర్ చేసుకో, మనసు కుదుటపడుతుంది. నా మనసు నిజంగానే కుదుటపడేది. అందుకే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నోటిమీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆకలితో ఉన్న మనిషికి నీళ్ళు తాగి పడుకోమని చెప్పినట్టు చెప్పాను.

చివరికి ఒప్పుకున్నారు. పట్టా చెల్లుతుంది, సీటిస్తాం, కాని అసలు పట్టా వెనుక అటెస్టేషను ముద్ర వేయించి ఫలానా తేదీలోగా పంపాలి అన్నారు. ముద్రలు వేసే ఆఫీసు మస్కట్‌లో. ఇక్కణ్ణుంచి బస్సులో ఒక పగలంతా పట్టేంత దూరం. అయితే ఆ ఆఫీసు వాళ్ళు అప్పుడప్పుడూ ఒక రోజు సలాలా వచ్చి కూర్చుంటారు. గడువుకు నాలుగు రోజుల ముందే వస్తున్నారని తెలిసింది. ఆ కబురు తెలిసిన రోజే ఆమె మా ఇంటికి వచ్చి, సూదులన్నీ తీసేసి, పట్టా నా చేతిలో పెట్టింది.

అది ఖరీఫు కాలం. ఇక్కడ ఖరీఫంటే పంట కాదు, జూను చివర్నుంచి సెప్టెంబరు దాకా ఆగకుండా పడే తుంపర. కొండలు పచ్చబడతాయి, టూరిస్టులు దిగుతారు, ఇళ్ళలో మాత్రం గోడలు చెమరుస్తాయి, చెప్పులకు బూజు పడుతుంది. నలుగురు ఆడవాళ్ళతో పంచుకునే ఆమె రూములో మంచం కింద పెట్టె కూడా తడే. మా ఇంట్లో ఒక గదికి ఏసీ ఉంది. రెండు వారాలు నీ దగ్గర ఉంచు అమ్మాయ్, నా ప్రాణం ఇది అంది.

బీరువాలో, ఖురాను పెట్టే అరలో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత తీసి చూస్తే ఒక మూల సూదిమొనంత నల్లచుక్క. బూజు. నా దగ్గర ఏ బడిదీ ఒక్క కాగితం లేదు. అంత విలువైన కాగితాన్ని నా జన్మలో చేత్తో పట్టుకోలేదు. మా నాన్న విలువైనవని తోచిన ప్రతి కాగితాన్నీ, రేషను కార్డు మొదలుకొని, లామినేషను చేయించేవాడు. నాకు అదే తోచింది. ఆమెకు ఫోను చేసి అడగాలని కూడా తోచలేదు. అదే టైపింగ్ సెంటరుకు తీసుకెళ్ళి లామినేషను చేయించాను. గాజుపలకలా మెరుస్తూ వచ్చింది. ఇంటికి వచ్చి రెండు రకాతుల నమాజు చేసి, నా చేత ఈ మంచి పని చేయించావని దేవుడికి శుక్ర్ చెప్పుకున్నాను.

ముద్రల రోజున ఆమెతో నేనూ వెళ్ళాను. దారిలో సంచీలోంచి తీసిచ్చాను. ఆమె బొటనవేలితో అంచు వెంట ఒకసారి తడిమింది. ఏమైతుందో ఆమెకు అప్పుడే తెలిసి ఉండాలి. బల్ల వెనక కుర్రాయన పట్టా తిప్పి చూసి, దీని మీద ఎట్లా వేస్తామండీ అన్నాడు. వేసి చూడండి అంది ఆమె. ఆయన వేశాడు. నీలం సిరా ప్లాస్టిక్ మీద చిన్న చిన్న బొట్లుగా విడిపోయింది. ఆయన టిష్యూ కాగితంతో ఒక్క తుడుపు తుడిచేశాడు. ప్లాస్టిక్ తీసి తీసుకురండి, సాయంత్రం దాకా ఉంటాం అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు త్వరగా కానివ్వమన్నారు.

షాపుకు వెళ్ళాం. కుట్లు విప్పే బ్లేడుతో ఆమె ఒక మూల ఎత్తింది. పట్టుచీర అంచు చిరగకుండా విప్పగల చెయ్యి అది. అరగంటలో వేలెడంత కూడా రాలేదు. వచ్చినంత మేరా కాగితం పైపొర ప్లాస్టిక్‌తోపాటు లేచి వచ్చింది. ఆమె పేరులో మొదటి మూడక్షరాలు ప్లాస్టిక్ వైపు ఉండిపోయాయి. బ్లేడు కింద పెట్టేసింది.

ఇంకో ప్రతి తెప్పించుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. ఆ విద్యాలయం మూతపడి అప్పటికే చాలా కాలమైంది. పట్టా మీద సంతకం చేసిన పెద్దావిడ లేదు. ఆ చదువుకు లోకంలో ఉన్న రుజువు ఆ ఒక్క కాగితమే. విశ్వవిద్యాలయానికి ఫోటోలు పంపి జరిగింది రాస్తే, పాడైన పట్టాను అంగీకరించలేమని రెండు పంక్తుల్లో జవాబు వచ్చింది. ఏడాది పాటు గంటల లెక్కలు అడిగినవాళ్ళు రెండు పంక్తుల్లో ముగించారు.

ముద్ర పడని ఆ రోజు సాయంత్రమే నేను ఏడ్చుకుంటూ వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాను. దీని వెనక కూడా ఏదో మేలుంటుంది, దేవుడు ఇట్లా రాసిపెట్టాడు, నన్ను మాఫ్ చెయ్యక్కా అన్నాను.

"దేవుణ్ణి మధ్యలోకి తేమాక. ప్లాస్టిక్ వేయించింది దేవుడా?" అంది. చేతులు విడిపించుకుంది. "నువ్వు అడుగుతున్నది మాఫీ కాదు. నన్ను నోరు మూసుకోమంటున్నావు."

తర్వాత రెండు నెలలు మా ఇంటికి రాలేదు. నా బట్టలు ఇస్తే కుట్టి ఇచ్చింది. కొలతలకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె గిన్నె కడిగిందే మళ్ళీ కడిగి పెట్టేదాన్ని. నాకు కూడా కోపం వచ్చింది, దాచను. ప్రాణంగా చూసుకుని చేశాను కదా, పగబట్టి చేశానా, ఇంత రాయి ఏంటి ఈమె అనుకున్నాను. మనసులో మంచి ఉంటే చాలని నాకు చిన్నప్పటినుంచీ నేర్పారు. అది చాలదని చెప్పినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

వాళ్ళకు ఏటా ఒక పెద్ద ఉపవాస దినం ఉంటుంది, ఆ ఏడు అక్టోబరులో వచ్చింది. ఆ రోజుకు ముందు, ఎవరికి తప్పు చేశామో వాళ్ళ దగ్గరికి పోయి అడగాలని, మనిషికి చేసిన తప్పును ఆ మనిషి మన్నించకుండా దేవుడు మన్నించడని ఆమే ఒకప్పుడు చెప్పింది. మా దీనులోనూ, అంటే మా మతంలోనూ, అంతే. అందుకని షాపు మూసే వేళకు వెళ్ళి రెండోసారి అడిగాను. ఈసారి ఏడవలేదు.

ఆమె మిషను ఆపి, బాగుచేయడానికి ఏం చేశావు అని అడిగింది. ఐదు పూటలా నీ కోసం దువా చేస్తున్నానన్నాను. "దువా దేవుడికి చేశావు. నాకేం చేశావు?" అంది. మూడుసార్లు అడగాలమ్మాయ్, ఇంకోసారి ఉంది, ఉత్త చేతుల్తో రామాక అని చెప్పి, దారం కొరికి, పనిలో పడింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఇంటికి వచ్చి విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. జీవితంలో ఒక ఆఫీసుకు నేను రాసిన మొదటి ఉత్తరం. పట్టా పాడుచేసింది ఆమె కాదు, నేను. ఆమె చదువు నిజం, నాకు ఎదురుగా కూర్చుని చదివింది. ఆమెను పిలిచి ప్రశ్నలు అడగండి, ఏది కావాలంటే అది అడగండి, మీరే ఓడిపోతారు అని తెలుగులో రాశాను. ఫోనులో అంతా సిద్ధం చేసి మా ఆయనకు చూపించాను. ఆయన పోర్టులో పని చేస్తాడు, అతి జాగ్రత్త మనిషి. రోజులు బాగాలేవు అన్నాడు. ఆ మతం పేరు పక్కన మన పేరు, మన నంబరు ఉండడం అవసరమా అన్నాడు. టీవీలో యూదుల దేశం చేస్తున్న యుద్ధం, ఆ శిథిలాలు, ఆ పసిపిల్లలు కనపడుతున్న రోజులు. చూసి నేను ఏడ్చాను. ఆమె ఏడవడం కూడా నేను చూశాను. గుంటూరు దర్జీకి ఆ బాంబులతో ఏం సంబంధమని ఆయన్ని అడగొచ్చు. అడగలేదు. సరేనన్నాను, ఎప్పట్లాగే. ఆయన్ని అని లాభం లేదు. పంపే బటను నా వేలి కిందే ఉంది. పరిస్థితులు చక్కబడ్డాక పంపుదాంలే అనుకున్నాను.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆమె మిషను మీదికి ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కాగితాలన్నీ ముద్రలు పడి, మనిషి పెట్టెలో ఊరికి వెళ్ళింది. బతికుండగా ఒక్క ముద్ర వేయించుకోలేని మనిషికి, పోయాక ఎన్ని ముద్రలు వేశారో. ఒక్కటీ చెరగలేదు.

రెండోసారి అడిగిన రోజు, వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి ఒక ప్రశ్న వేశాను. మూడోసారి అడిగేలోపు ఆ మనిషే పోతే ఎట్లా అక్కా అని.

"నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావా అమ్మాయ్" అని నవ్వింది. ఆ రెండు నెలల్లో నవ్వడం అదొక్కసారే. తర్వాత సూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "దానికీ రాసుంది. పదిమందిని ఎంటబెట్టుకుని సమాధి కాడికి పోవాల. ఫలానా తప్పు చేశానని వాళ్ళందరికీ ఇనపడేట్టు చెప్పాల. గొణిగితే కుదరదు."

సమాధి గుంటూరు వైపు ఒక ఊళ్ళో ఉంది. నేను సలాలాలో ఉన్నాను. పదిమందిని పోగుచేసి అక్కడికి తీసుకెళ్ళే దారి నాకు లేదు. ఇది చదివేవాళ్ళు పదిమందైనా ఉంటారు కదా, మీ ముందు చెబుతున్నాను, గొణగడం లేదు. దాచమని ఇచ్చిన ఆమె పట్టాను ఆమెను అడగకుండా నేను పాడుచేశాను. దానికి ఆమె కోపగించుకుంటే, ఆ కోపం మీద కృతజ్ఞత కప్పుకోమని చెప్పాను. ఆమె తరఫున రాసిన ఉత్తరాన్ని, ఆమె మతం పేరుకు భయపడి పంపలేదు. అది ఇంకా నా ఫోనులోనే ఉంది.

అక్కా, మూడోసారి అడుగుతున్నాను. ఈసారి కూడా ఉత్త చేతులతోనే వచ్చాను. మన్నించనంటే ఒప్పుకుంటాను.